కొండమంచు: లోతు, బరువు, పట్టు

మన భాషలో మంచు అనే మాట చాలా వాటికి చెల్లుతుంది. తెల్లవారుజామున పచ్చికమీద నిలిచే బిందువు మంచే. చలికాలంలో దారి కనపడకుండా కమ్ముకొనేదీ మంచే. హిమాలయాల మీద తెల్లగా పేరుకొనేదీ మంచే. కొండమంచు ఎరుగని మైదానాలలో ఇది సహజమే. అయితే ఈ అలవాటు వలన మనకొక భ్రమ కలుగుతుంది. కొండమీద తెల్లగా కనపడేదంతా ఒకే పదార్థమనీ, అది ఎంత ఎక్కువగా ఉంటే వేడుక అంత ఎక్కువనీ అనుకొంటాము. సెలవులలో మనాలికో, గుల్మార్గ్‌కో, సిక్కింకో విహారయాత్ర వెళ్ళే మనవారిలో పెక్కుమంది ఈ భావంతోనే వెళతారు.

మంచును వృత్తిగా పరిశీలించేవారు మూడు ప్రశ్నలు వేస్తారు. లోతెంత? బరువెంత? పొరకూ పొరకూ మధ్య పట్టెంత? మొదటిదానికి జవాబు కంటికి తెలుస్తుంది. తక్కిన రెండూ కొలిస్తేగాని తెలియవు. మంచుమీద ఆడుకొనేవారి ప్రాణాలు ముఖ్యంగా ఆ రెంటిమీదనే ఆధారపడి ఉన్నవి.

కాశ్మీరంలోని గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. కాళ్ళకు పొడవైన పలకలు కట్టుకొని మంచుమీద జారే స్కీ క్రీడకు అది మన దేశంలో ప్రసిద్ధ కేంద్రము. 2024 జనవరిలో అక్కడి పచ్చిక మైదానాలు చాలా రోజులు బోసిగా ఉండిపోయినవి. మంచు లేదని యాత్రికులు ప్రయాణాలు మానుకొన్నారు. ఆ నెలాఖరు నుంచి మంచు కురిసింది. ఫిబ్రవరిలో మరింత కురిసింది. అందరూ సంతోషించారు. ఫిబ్రవరి 22న ఎగువ వాలుమీద మంచుచరియ విరిగిపడి ఒక విదేశీ స్కీ క్రీడాకారుడు మరణించాడు. ఒకే శీతకాలంలో, ఒకే కొండమీద, మొదట మంచు లేక బాధ, తరువాత మంచు వలన ప్రమాదము. ఈ రెండింటికీ మధ్య సంబంధం ఉండవచ్చునా? దానిని గ్రహించటానికి మంచును కొలిచే పద్ధతులు తెలియాలి.

లోతును కొలవటం సులభము. అంకెలు వ్రాసిన కర్రను నేలలో పాతి రోజూ చూచి వ్రాసుకొంటే చాలు. కాని లోతు మోసగిస్తుంది. అప్పుడే కురిసిన మంచు దూదివలె ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం గాలియే. ఒక ఘనపు మీటరు కొత్తమంచు 100 కిలోలో, అంతకంటె తక్కువో తూగుతుంది. కొన్ని వారాలు అణగి ఉన్న మంచు 300 కిలోల వరకు, వసంతంలో తడిసి బరువెక్కిన మంచు 400 నుంచి 500 కిలోల వరకు తూగవచ్చును. అందుచేత రెండు చోట్ల మీటరు లోతు మంచు ఉన్నా ఒకచోట ఉన్న నీరు మరొకచోట ఉన్నదానికి మూడింతలు కావచ్చును.

ఈ చిక్కును తీర్చినవారిలో ముఖ్యుడు అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో ప్రాచీన సాహిత్యం బోధించిన ఆచార్యుడు జేమ్స్ చర్చి. పర్వతారోహణ ఆయనకు ప్రీతి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన రోజ్ శిఖరంమీద పరిశీలనలు సాగించి ఒక ఉక్కు గొట్టాన్ని రూపొందించాడు. దాని అడుగు అంచున కోసే పళ్ళుంటవి. దానిని నేల తగిలేదాకా మంచులో దించి, పైకి లాగి, లోపలి మంచుతో సహా తూస్తారు. ఖాళీ గొట్టపు బరువు తీసివేస్తే మంచు బరువు వస్తుంది. ఆ మంచంతా కరిగితే ఎంత లోతు నీరు నిలుస్తుందో దానినిబట్టి లెక్కకడతారు. దీనినే మంచుయొక్క నీటి విలువ అనవచ్చును. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. దీనితోబాటు అమెరికా పడమటి కొండలలో స్నోటెల్ అనే యంత్ర కేంద్రాలు కూడా పనిచేస్తున్నవి. గడ్డకట్టని ద్రవంతో నిండిన తలగడవంటి తిత్తిని నేలమీద పరుస్తారు. దానిమీద మంచు పడినకొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. యంత్రము ఆ ఒత్తిడిని కొలిచి దూరానికి వార్త పంపుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఘనపు మీటరుకు 300 కిలోలు తూగే మంచు మీటరు లోతున ఉన్నదనుకొందాము. అది కరిగితే 30 సెంటీమీటర్ల నీరు. ప్రతి చదరపు మీటరు నేలమీద 300 కిలోల బరువు, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు నాలుగు. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న తరగతి గదిపై అంత మంచు నిలిస్తే 14,400 కిలోలు. కొండవాలుమీద ఆగి ఉన్న బరువు ఇటువంటిది.

ఈ కొలత వినోదానికీ, సేద్యానికీ కూడా పనికివస్తుంది. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండలలో మంచును కొలవబోయినవారు ఫిలిప్స్ కేంద్రంలో ఎండిన గడ్డిమీద నిలువవలసివచ్చింది. రాష్ట్రమంతటా నీటి విలువ మామూలులో 5 శాతానికి దిగింది. అనేక స్కీ కేంద్రాలు గడువుకు ముందే మూతపడ్డవి. పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని గవర్నరు ఆనాడే ఆజ్ఞ ఇచ్చాడు. మన దేశంలోనూ 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతకాలపు క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడినవి.

ఇక మూడవ ప్రశ్న, పట్టు. శీతకాలమంతా పడిన మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కొక్క వానకు ఒక్కొక్క పొర చొప్పున, పూతరేకు మడతలవలె ఒకదానిమీద ఒకటి చేరుతుంది. పొరల మధ్య అతుకు గట్టిగా ఉంటే బరువెంత ఉన్నా వాలు నిలుస్తుంది. ఒక్క పొర వదులైతే దానిపైనున్నదంతా పలకగా విరిగి జారుతుంది. ఇదే హిమసంపాతము.

పొర వదులు కావటానికి ఉష్ణోగ్రతా భేదము ఒక ముఖ్య కారణము. మంచుకింద నేల దాదాపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. పైభాగం రాత్రివేళ 15 డిగ్రీలు సున్నకు దిగువన ఉన్నదనుకొందాము. మంచు రెండు మీటర్ల లోతుంటే ప్రతి 10 సెంటీమీటర్లకు భేదము ముప్పాతిక డిగ్రీ మాత్రమే. లోతు అరమీటరే అయితే అదే భేదము 3 డిగ్రీలు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ మించినప్పుడు మంచులోని నీటియావిరి అడుగునుంచి పైకి వేగంగా ప్రయాణం చేసి, మార్గంలో పలకలు తేరిన పెద్ద స్ఫటికాలుగా మారుతుంది. అవి పంచదార పలుకులవలె ఒకదానికొకటి అంటుకొనవు. కనుక మంచు పలుచగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉన్న చలిరోజులలోనే పునాది బలహీనమవుతుంది. దానిపై ఒక్కసారిగా పెద్ద మంచువాన కురిస్తే పంచదారమీద పలక పేర్చినట్లే. గుల్మార్గ్‌లో ఆనాడు జారిన పొర ఎటువంటిదో ఈ వరుస ఒక్కటే చూచి చెప్పలేము గాని, మంచు తక్కువైన నెల వెంట మంచు మిక్కిలియైన నెల వచ్చినప్పుడు పరిశీలకులు ఎందుకు కలవరపడతారో దీనివలన గ్రహించవచ్చును.

అటువంటి పొరను వెదకటానికి వారు మంచులో నేలదాకా గొయ్యి తవ్వుతారు. గోడలో 10 సెంటీమీటర్లకొకసారి ఉష్ణమాపకం గుచ్చుతారు. పలుకులను భూతద్దంతో చూస్తారు. ప్రతి పొరనూ చేతితో నొక్కి చూస్తారు. పిడికిలి దిగితే మిక్కిలి మెత్తన. ఆపైన నాలుగు వేళ్ళు, ఒక వేలు, పెన్సిలు, చాకు అని వరుసగా గట్టిదనం నిర్ణయిస్తారు. ముప్పై సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని వేరుచేసి, పైన పార ఉంచి, మణికట్టు కదలికతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు వేస్తారు. ఎన్నవ దెబ్బకు ఏ పొర తెగిందో వ్రాసుకొంటారు.

మన దేశంలో ఈ పనికై 1969లో మనాలిలో ఒక సంస్థ నెలకొన్నది. 2020లో దానిని మరొక రక్షణ పరిశోధనశాలతో కలిపారు. చండీగఢ్‌లోని ఆ సంస్థ నేడు హిమసంపాత హెచ్చరికలు ఇస్తున్నది. ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు వరకు అంతస్తులుగా తెలపటం అనేక దేశాలలో ఆచారము. ఇందులో ఒక విచిత్రమున్నది. స్విట్జర్లాండులో విహారులు ఎక్కువగా మరణించేది అయిదవ అంతస్తున కాదు, మూడవ అంతస్తున. అయిదవ అంతస్తున ఎవరూ కొండ ఎక్కరు. మూడవ అంతస్తున ఆకాశం నీలంగా, మంచు అందంగా ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు స్కీకి ఉత్సాహకరము; హిమసంపాతాలు ఎక్కువగా పుట్టేదీ ఆ వాలులలోనే. చిక్కుకొన్నవారిలో అధికులను ముంచిన మంచు, వారి బరువుకో తోటివారి బరువుకో కదిలినదే. పూడిపోయినవారు బ్రతికే అవకాశము మొదటి పది పదిహేను నిమిషాలు దాటితే వేగంగా తగ్గిపోతుంది.

ఈ విషయం తరగతి గదిలో చూపవచ్చును. గరుకు గుడ్డ పరచిన పలకమీద గోధుమపిండిని రెండంగుళాల మందాన అదిమి, ఒక అంచు మెల్లగా ఎత్తి, జారిన కోణాన్ని కోణమానినితో కొలవాలి. రెండవసారి పిండికింద పలుచగా పంచదార చల్లి మళ్ళీ ఎత్తాలి. రెండు కోణాలనూ పోల్చి, పైనుంచి చూచినప్పుడు రెండింటిలో భేదమేమైనా కనపడినదా అని విద్యార్థులను అడగాలి.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుంచి నాథూలాకు పోయే మార్గంలో మంచుచరియ విరిగిపడి ఏడుగురు యాత్రికులు మరణించారు. అనుమతి 13వ మైలు వరకే ఉండగా యాత్రికులు 15వ మైలు దగ్గరకు వెళ్ళారని అధికారులు తెలిపారు. అక్కడి మంచు కూడా చూపులకు తెల్లగానే ఉండి ఉంటుంది. రేపు విద్యార్థులను వెంటబెట్టుకొని కొండలకు వెళ్ళే ఉపాధ్యాయుడు గొయ్యి తవ్వనక్కరలేదు, గొట్టం దించనక్కరలేదు. ఆ పని చేసినవారు దారిప్రక్క ఒక పలక నిలిపి, ఇక్కడితో ఆగమని వ్రాసి ఉంటారు. ఆ అక్షరాల వెనుక లోతు, బరువు, పట్టు అనే మూడు కొలతలున్నవని తెలిసిన తరగతి అక్కడనే ఆగుతుంది.