ఉమ్మియు, ఒండ్రును, ఒక బంతియు

న్యూజెర్సీ రాష్ట్రమున డెలావేర్ నదిలో కలియు ఒకానొక ఉపనది గట్టున, చోటు పొక్కనీయక త్రవ్వి, జల్లించి, డబ్బాల కెత్తిన ఒండ్రుమట్టి అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ పోటీలకు వచ్చు ప్రతి కొత్త బంతికిని ఆటకు ముందు రుద్దబడును. ఇట్లు బురద రుద్దుట విధి. అదే బంతికి, దానిని విసరు పిచర్ తన నాలుక తడిని తగిలించుట అపరాధము. ఈ విధి నిషేధములు రెండును ఒకే తోలుమీద ఎట్లు కుదురుకొనెనో తెలియవలెనన్న ముందు ఆ బంతి నిర్మాణమును కొంత గ్రహింపవలసి యున్నది.

నడుమ బెండు, దానిపై రబ్బరు పొరలు, ఆపై బిగించి చుట్టిన ఉన్నినూలు, వెలుపల 108 జంట కుట్లతో కూర్చిన రెండు తోలుముక్కలు, అంతయు కలిపి అయిదు ఔన్సులకు పైచిలుకు బరువు: ఇందు కదలు భాగ మొక్కటియు లేకున్నను దీనిని యంత్రమనుటకు నేను సంకోచింపను, ఏలయన దీని వ్యాపారమంతయు చర్మముమీదనే జరుగును. 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి గంటకు 90 మైళ్ళ వేగమున విసరిన బంతి అర సెకనైనను గడువకమున్నే బ్యాటరును చేరును. ఆ స్వల్పకాలమున బంతి వెనుకకు గిరగిర తిరుగుచు పోవునెడల, దాని ఉపరితలమును కుట్లును దాపునగల గాలిని తమవెంట త్రిప్పి క్రిందికి మరలించును. అందుకు ప్రతిక్రియగా బంతి యించుక పైకి ఎత్తబడి, గురుత్వాకర్షణము కోరినంతగా పడకుండును. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున జర్మను శాస్త్రజ్ఞుడు గుస్తావ్ మాగ్నస్ ఫిరంగిగుండ్లు దారితప్పు కారణమును వెదకుచు పరిశీలించిన బలమే యిది. బ్యాటరు కన్ను ఈ ఎత్తుబడికి అలవాటుపడి యుండును. పిచర్ వ్రేళ్ళను తడిపి, కుట్లకు తగులకుండ నున్నని చోట బంతిని నొక్కిపట్టి విసరినచో, అది సీతాఫలపు గింజవలె వ్రేళ్ళనడుమనుండి జారి, వేగమును అంతగా కోల్పోకయే తిరుగుడును కోల్పోవును. ఆధారము తప్పిన ఆ బంతి బ్యాటు దాపునకు వచ్చుసరికి అంచనాకన్న క్రిందికి దిగిపోవును.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ విద్య దొంగతనము కాదు, బహిరంగమైన వృత్తికౌశలము. 1904లో న్యూయార్క్ జట్టునకు 41 ఆటలు గెలిచిపెట్టిన జాక్ చెస్బ్రో, 1908లో షికాగోకు 40 గెలిచిన ఎడ్ వాల్ష్ ఉమ్మిబంతి వలననే కీర్తి గడించిరి. చెస్బ్రో చేతినుండి అదుపుతప్పిన బంతి యొక్కటి 1904 పోటీల చివరి దినమున బోస్టనునకు విజేతృత్వమును దానము చేసెను. జారుడును నమ్ముకొన్నవానికి జారుడు శత్రువగుట సహజమే.

వీరికన్న నా కెక్కువ ఆసక్తి కలిగించువాడు రస్ ఫోర్డు. 1908లో అట్లాంటాలో సాధన చేయుచుండగా ఇతని బంతి స్తంభమునకు తగిలి ఒకవైపు గీచుకొనిపోయెను. మరల విసరినప్పుడు అది గాలిలో వింతగా ప్రక్కకు తిరిగెను. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు అయిన బంతిని గాలి యొక్కొక వైపున ఒక్కొక చోట విడిచిపోవును గనుక, వెనుక నేర్పడు సుడుల పాయ వంకరయై, బంతి ప్రక్కకు త్రోయబడును. ఫోర్డు ఈ శాస్త్రము చదివినవాడు కాడు, చూచినదానిని మరువనివాడు. చేతితొడుగులో ఎమరీ అను రాపిడి పదార్థపు ముక్కను దాచి, 1910లో 26 ఆటలు గెలిచెను. ఎవరైనను శంకించిన నేమి చెప్పవలెను? తాను విసరునది ఉమ్మిబంతి యని నమ్మించెను! నాటికి నిర్దోషమైన మాలిన్యమును ముసుగుగ కప్పి మరియొక మాలిన్యమును నడపిన ఆ చాతుర్యమునకు సాటి ఈ ఆట చరిత్రలో నాకు కనబడలేదు. రహస్యము నిలువలేదు, ఇతరులును పట్టుకొనిరి, కొలది యేండ్లకే ఎమరీ వెలివేయబడెను.

1920 ఫిబ్రవరిలో ఉమ్మికిని అదే గతి పట్టెను. అప్పటికే ఆ విద్యనే నమ్ముకొని జీవించుచున్న 17 మందికి మాత్రము జీవితాంతము మినహాయింపు లభించెను. వారిలో కడపటివాడు బర్లీ గ్రైమ్స్ 1934లో విరమించెను. అదే 1920 ఆగస్టు 16న కార్ల్ మేస్ విసరిన బంతి తలకు తగిలి క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ మరునాడు మరణించెను. ఈ దుర్ఘటనయే నిషేధమునకు కారణమని పలువురు వ్రాయుదురు గాని, నిషేధము నెలలకు ముందే వచ్చినది. చాప్‌మన్ మరణముచే మారినది వేరొకటి: మాసి నల్లబడి కంటి కానని బంతులను తీసివేసి, కొత్తవి తరచుగ అందించు ఆచారము స్థిరపడెను. అయితే తెల్లని కొత్త బంతి మిక్కిలి నునుపై చేతికి పట్టుచిక్కదయ్యెను. ఫిలడెల్ఫియా శిక్షకుడు లీనా బ్లాక్‌బర్న్ 1938లో ఒక అంపైరు గోడు విని, వెదకి తెచ్చిన ఒండ్రే మొదట చెప్పిన ఒండ్రు. అది ముఖలేపనమువలె పలుచగా ప్రాకి, అందలి ఇసుకరేణువులచే వ్రేళ్ళకు పట్టునిచ్చునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 2024లో ప్రకటించిరి.

ఉమ్మి మాత్రము చావలేదు. పిచర్ గేలార్డ్ పెర్రీ వాసెలీను వంటి జిడ్డులతో దానిని పునరుద్ధరించి, 1974లో ఆ సంగతినే పుస్తకముగా వ్రాసి, అటుపిమ్మటను ఆడుచు, 1982లో గాని ఆ నేరమునకు మైదానమునుండి గెంటబడక, 314 విజయములతో 1991లో బేస్‌బాల్ మహనీయుల మందిరమున ప్రవేశించెను. విసరుటకు ముందు అతడు టోపీని, నుదుటిని, మెడను తడవుచుండెడివాడు; అందు సగము నటనయే. జిడ్డు లేనినాడును బ్యాటరు మనస్సున జిడ్డుండిన చాలును గదా!

ఇటీవలి తగవు దీనికి విపరీతము. వెనుకటివారు తడితో తిరుగుడును తగ్గింపగా, నేటివారు జిగురుతో దానిని పెంచుట నేర్చిరి. తిరుగుడును నిమిషమునకింత యని కొలుచు పరికరములు వచ్చినపిమ్మట ఆ లాభ మెంతయో అందరికిని కంటబడెను. 2021 జూన్ 21 మొదలు అంపైర్లు పిచర్ల చేతులను, టోపీలను, నడికట్లను తడవి చూచుచున్నారు. 2023లో లాస్ ఏంజెలెస్‌లో పిచర్ మాక్స్ షెర్జర్ చేతులు అంటుకొనుచున్నవని అతనిని వెలిపుచ్చి, పది ఆటల శిక్ష విధించిరి. అది చెమటయు గుగ్గిలపు పొడియు తప్ప మరేమియు కాదని అతడు వాదించెను. గుగ్గిలపు సంచిని మైదానమున ఉంచువారు అధికారులే, చెమట దైవదత్తము. రెండును ఏ పాళ్ళలో కలిసిన నేరమగునో నిర్ణయించుటకు అంపైరు వ్రేళ్ళు తప్ప నాడు మరియొక కొలమానము లేకుండెను.