నిర్నిద్ర సాక్షి

నెదర్లాండ్స్ దేశమునకు చెందిన మారిస్ గాట్సొనిడెస్ 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచిన మోటారు పందెగాడు. మలుపులయందు తన కారు వేగమును కచ్చితముగా కొలిచి, దానిని మఱింత పెంచుకొనవలెనను కాంక్షతో ఆయన నిర్మించిన యంత్రమే క్రమముగా అతివేగమును పట్టియిచ్చు కెమెరాగా పరిణమించి, ఇంగ్లండు రహదారులపై ఆయన పేరిట ‘గాట్సో’ యని ప్రసిద్ధి గాంచినది.

ఆ యంత్రనిర్మాణమునందలి వివేకము గమనింపదగినది. రాడార్ తరంగములు కదలుచున్న బండికి తగిలి మరలునపుడు వాని పౌనఃపున్యము మారును. 1842లో భౌతికశాస్త్రజ్ఞుడు డాప్లర్ వివరించిన ఆ ధర్మమును బట్టియే వేగము తేలును. హద్దు మీఱినచో కెమెరా అర సెకను ఎడముతో రెండు ఫోటోలు తీయును. రోడ్డుపై సమదూరమున గీసిన తెల్లగీతలను చూచి, ఆ అర సెకనులో బండి ఎంత సాగినదో లెక్కించి, రాడార్ చెప్పినదానిని ఎవరైనను సరిచూడవచ్చును. ఒక సాక్షి పలుకును మఱియొక సాక్షితో సరిచూచు న్యాయస్థానపు రీతి ఇందు ఇమిడియున్నది.

ఎఱ్ఱదీపమును మీఱువారిని పట్టు కెమెరా రీతియు ఇట్టిదే. సిగ్నలు వద్ద రోడ్డులో పాతిన తీగచుట్టలు తమపై సాగు వాహనమును పసిగట్టును. ఎఱ్ఱదీపము వెలిగియుండగా గీత దాటినపుడొకటి, కూడలి నడుమ మఱొకటి, కెమెరా రెండు చిత్రములు తీయుటచే, గీత మీఱి ఆగిపోయినవానికిని, తెగించి దూసికొనిపోయినవానికిని గల భేదము తేటపడును.

నేటి కెమెరాలు నంబరు ప్లేటు చదువును. హెల్మెట్ లేని తలను, చేతిలోని సెల్‌ఫోనును గుర్తించును. అయితే వేగమును కొలుచుట వేఱు, పోలికను బట్టి ఊహించుట వేఱు. వేలకొలది చిత్రములతో శిక్షణ పొందిన కంప్యూటరు చేయునది ఊహ. బురదపట్టిన ప్లేటుపై ‘బి’ అక్షరము ఎనిమిదిగా తోపవచ్చును. కనుకనే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో సెల్‌ఫోను కెమెరా అనుమానించిన చిత్రమును మనుష్యులు పరిశీలించిన పిమ్మటనే జరిమానా విధింతురు. 2023లో ఇట్టి కెమెరాలను నెలకొల్పిన కేరళలోను ఉద్యోగుల పరిశీలన తప్పనిసరి.

మన దేశమున 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు అధికారమొసగినది. దానిననుసరించి 2021లో వెలువడిన నియమములు కెమెరాకు ఆమోదపత్రము ఉండవలెననియు, దానిని ఏటేట పునరుద్ధరింపవలెననియు, కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు కనబడవలెననియు, ఫోటోతోడను, తేదీ, సమయము, స్థలముల వివరములతోడను 15 దినములలో నోటీసు పంపవలెననియు శాసించినవి.

హైదరాబాదు కూడలిలో ట్రాఫిక్ పోలీసు చేతికెమెరాతో తీసినదైనను, స్తంభముపై కెమెరా తీసినదైనను, చలానాకు ఆధారమైన ఫోటోను చూచుట పౌరుని హక్కు. తప్పు తనదైనచో చెల్లించుటయు, కానిచో ప్రశ్నించుటయు అతని విధి. ఆ ప్రశ్నకు సత్వరమే బదులిచ్చుట ప్రభుత్వధర్మము. నిద్రయెఱుగని ఈ సాక్షి మాటను పరీక్షించు మనుష్యుడు మేల్కొనియున్నంతకాలమే దాని సాక్ష్యమునకు గౌరవము నిలుచును.