కట్ పీసుల బంతిపూలు

సెప్టెంబర్ వచ్చిందంటే నా ఇన్‌స్టా నిండా నారింజ రంగు గుమ్మడికాయలు, ఎర్రటి మేపుల్ ఆకులే. 'ఫాల్ డెకర్' అట. జూబ్లీహిల్స్‌లో ఓ హోమ్ డెకర్ షాపులో బట్టతో కుట్టిన చిన్న గుమ్మడికాయ కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూశా. స్టిక్కర్ మీద ధర చదివి మెల్లగా అక్కడే పెట్టేశా. లోపల దూది, పైన రెండు జానల బట్ట. అంతే ఉంది అందులో!

అయినా శరత్తులో ఆకులు రాలడం మన కథ కాదు. కేబీఆర్ పార్కులో వాకింగ్ చేసేవాళ్లకు తెలుసు, అక్కడ చెట్లు బోడిగా కనిపించేది ఎండలు ముదిరే ముందు. ఆశ్వయుజం వచ్చేసరికి మన దగ్గర గునుగు, తంగేడు, బంతి విరగబూస్తాయి. మన శరత్తు రంగులు అవి. మరి మన గోడ మీద మేపుల్ ఆకెందుకు?

ఇదేదో పెద్ద ఆలోచన చేసి మొదలుపెట్టిందేం కాదు. పోయినేడు వానాకాలం చివర్లో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫిలింనగర్‌లో నేనుండే అద్దె ఇంటికే తీసుకొచ్చా. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కొన్నాళ్లు మెట్లు దిగొద్దన్నారు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. పెళ్లయ్యాక ఒక్క ఏడు కూడా బతుకమ్మ ఆడకుండా ఉన్న మనిషి కాదు అమ్మ. ఎంగిలిపూల నాటికి ఊరికి పోలేనని అర్థమయ్యాక మాటలు తగ్గించేసింది. ఊళ్లోవాళ్లు వాట్సాప్‌లో పంపిన వీడియో పది సెకన్లు చూసి ఫోన్ బోర్లా పెట్టేసేది. ఆపరేషన్ నొప్పికి మాత్ర ఉంది గానీ దీనికి నా దగ్గర ఏమీ లేదు.

మా గల్లీ చివర ఓ టైలర్ షాపు ఉంది. మాస్టర్ ఒకప్పుడు గ్రూప్ డాన్సర్ల డ్రెస్సులు కుట్టేవారు. ఒకే పాటకు ఒకే రంగులో ముప్ఫై లంగాలు, అవీ రాత్రికి రాత్రి! ఇప్పుడు బొటీక్‌ల జాబ్ వర్క్ చేస్తున్నారు. ఆయన మిషన్ కింద సంచి నిండా కట్ పీసులు. పసుపు, నారింజ, కుంకుమ రంగు ముక్కలు. అడిగితే, "తీస్కో తమ్ముడూ, ఎట్లాగూ చెత్తబండికి వేసేదే" అన్నారు. తక్కువ పడ్డ రంగుల కోసం చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి కోఠికి పోయా. కాటన్ లైనింగ్ బట్ట, దారాలు, ఆకులకు బక్రం... మొత్తం 310 రూపాయలు.

బంతిపువ్వు చాలా సులువు. 36 అంగుళాల పన్నా ఉన్న లైనింగ్ అరమీటరు తీసుకుంటే, రెండంగుళాల వెడల్పున 18 పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీకి ఒక పువ్వు. పట్టీని పొడవునా సగానికి మడవండి. తెరిచి ఉన్న అంచు వెంబడి దూరం దూరంగా ముతక కుట్లు వేసి దారం లాగితే కుచ్చులు పడతాయి. ఒక చివర నుంచి చుట్టుకుంటూ వచ్చి అడుగున నాలుగు కుట్లు గట్టిగా వేస్తే పువ్వు రెడీ. మొదటి పువ్వుకు నాకు అరగంట పట్టింది, వేలికి మూడు పోట్లు. పదో పువ్వుకల్లా పది నిమిషాల్లోకి వచ్చేశా. మామిడాకులకు ఆకుపచ్చ బట్ట రెండు పొరల మధ్య బక్రం పెట్టి, ఆకారం కత్తిరించి, నడిమి ఈనె దారంతో కుడితే సరి.

ఇక నా ఘనకార్యం. మురికిగా ఉన్నాయని ఎర్ర ముక్కలను నీళ్లలో ముంచి తీసి, ఆ తడితోనే పూలు కుట్టి, దండ గుచ్చి గోడకు వేలాడదీసి పడుకున్నా. పొద్దున లేచేసరికి తెల్ల గోడ మీద పై నుంచి కింది దాకా ఎర్రటి గీతలు. హారర్ సినిమా సెట్‌లా ఉంది! ఓనర్ చూస్తే అడ్వాన్స్‌లో కోత ఖాయం. పెయింట్, బ్రష్ కలిపి 650 అయింది. అంటే తోరణం కంటే గోడే ఖరీదు.

అమ్మ మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "ముందుగాల నానబెట్టి, తెల్లగుడ్డతోని రుద్ది చూడాలె బిడ్డా. రంగు అంటుకుంటె అది పనికిరాదు. గింత సదువు సదివినవ్, గది తెల్వదా?" అంది. తర్వాత సూది ఇటివ్వమంది.

అక్కడి నుంచి కథ మారింది. నా పూలు విప్పేసి మళ్లీ కుట్టింది. గునుగు ఎలా చేయాలో నాకు అస్సలు తట్టలేదు. అమ్మే కనిపెట్టింది. తెల్ల నూలు బట్ట రెండంగుళాల పట్టీ తీసుకుని, ఒక పక్క అడ్డపోగులు సగం వరకు లాగేస్తే కుచ్చులా విచ్చుకుంటుంది. దాన్ని చీపురుపుల్లకు కింది నుంచి పైకి ఏటవాలుగా చుట్టి, కొసకు కొద్దిగా గులాబీ రంగు అద్దితే అచ్చం గునుగే. పాలిస్టర్‌తో ఇది సరిగ్గా రాదు. ఏది నూలో తెలియాలంటే ఒక పోగు తీసి వెలిగించి చూడండి. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఏ బట్టయినా దీపాలకు మాత్రం దూరంగా కట్టండి, దీపావళికి మరీను.

నాకు ఊపొచ్చి, ఈ బట్టపూలతోనే ఓ బతుకమ్మ పేర్చేద్దామన్నా. అమ్మ ఒప్పుకోలేదు. "బట్టపూలతోని బతుకమ్మ పేరుస్తరా ఎక్కడన్న? నీళ్లల్ల ఏస్తె కలవాలె గద!" నిజమే. చెరువులో పువ్వు కరిగిపోతుంది, లైనింగ్ బట్ట కరగదు. గుమ్మానికి, గోడకు, బొమ్మల కొలువు వెనకాల తెరకు బట్టపూలు బాగుంటాయి. పూజకు మాత్రం అసలు పువ్వే.

సద్దుల రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, రోడ్డు పక్కన అమ్ముతున్న తంగేడు, గునుగు, బంతి రెండు సంచులు తెచ్చా. కుర్చీలో కూర్చుని అమ్మే తాంబాళంలో పేర్చింది. కింది అంతస్తు ఆంటీలు, టైలర్ మాస్టర్ వాళ్ల ఆవిడ పైకొచ్చారు. హాల్లో సోఫా జరిపితే ఆరుగురు తిరిగేంత చోటొచ్చింది. అమ్మ కూర్చునే చప్పట్లు కొట్టింది. చెరువు దాకా పోలేం కాబట్టి బాల్కనీలో పెద్ద టబ్బులో నీళ్లు పోశాం.

కార్తీకంలో అమ్మను ఊళ్లో దింపొచ్చా. ఇక్కడికి వచ్చి గుమ్మం చూస్తే తోరణం లేదు. అప్పుడే ఫోన్.

"తోరణం నేనే తెచ్చుకున్న. మన దర్వాజకు మూరెడు తక్కువైంది, ఇంక నాలుగు పూలు కుట్టి పంపు. ఎర్రవి నానబెట్టి కుట్టు."