మీకు తెలుసా? నాలుగు సిలిండర్లు, మూడు గొట్టాలు

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఇంజనుకు సిలిండర్లు నాలుగున్నా, కాలిన వాయువులు బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టులు మాత్రం మూడే ఉంటాయి. నడుమనున్న రెండు, మూడు సిలిండర్లకు పోర్టు ఒక్కటే. ఇంజనులో ఇంధనం మండే వరుస 1-3-4-2 కావడం వల్ల ఈ జంట సిలిండర్ల నుంచి వాయువు క్రాంక్‌షాఫ్ట్ పూర్తి చుట్టు తేడాతో వెలువడుతుంది కనుక, ఒకదాని ప్రవాహానికి మరొకటి అడ్డు రాదు. పోత ఇనుప మానిఫోల్డ్ స్థానంలో అమర్చే ఉక్కు గొట్టాల సముదాయమైన హెడర్‌కు కూడా అందుకే మూడు కొమ్మలు చాలు.

బిగింపులోనే అసలు చిక్కు ఉంది. గాలిని లోనికి తెచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్, హెడర్ రెండూ ఒకే వైపున ఉండి, కొన్ని స్టడ్‌లనూ మందపాటి వాషర్లనూ పంచుకుంటాయి. రెండింటి అంచుల మందం సమానంగా లేకపోతే వాషర్ ఒరిగి ఒకదాన్నే నొక్కుతుంది, రెండోది వదులుగా మిగిలిపోతుంది. ఎగ్జాస్ట్ వైపు సందు ఏర్పడితే టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. ఇన్‌టేక్ వైపు ఏర్పడితే అదనపు గాలి చొరబడి ఇంధన మిశ్రమం పలచబడుతుంది, ఇది ఇంజనుకు మరింత హానికరం. అందువల్ల బిగించక ముందే రెండు అంచులనూ కొలిచి, తేడాకు తగినట్లు వాషర్ ఒక అంచును అరగదీయడం తప్పనిసరి. కొత్త గాస్కెట్ వేసి, ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లను మళ్లీ బిగించాలి. పలుచని ఉక్కు ఎక్కువ వేడిని వెదజల్లుతుంది కాబట్టి, పైనున్న కార్బురేటర్లను కాపాడే రేకును తీసివేయరాదు.