కప్పు మనదే, పండగ పరాయి ఊళ్ళో

2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఉప్పల్‌లో ముంబైని చితక్కొట్టి 277 పరుగులు చేసింది. మూడు వారాలు తిరక్కముందే బెంగళూరులో 287 కొట్టి ఆ రికార్డును తానే చెరిపేసింది. మే 26న చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. తొలి ఓవర్లోనే స్టార్క్ బంతికి అభిషేక్ శర్మ వికెట్లు ఎగిరిపోయాయి. ట్రావిస్ హెడ్ ఎదుర్కొన్న మొదటి బంతికే ఔట్. 113కే కథ ముగిసింది. ఐపీఎల్ ఫైనళ్ళలో అంత తక్కువకు ఆలౌటైన జట్టు అంతకుముందు లేదు. కోల్‌కతాకు ఆ స్కోరు దాటడానికి 10.3 ఓవర్లు చాలాయి.

షేక్‌పేట, టోలిచౌకి వైపు చాయ్ తాగుతూ మ్యాచ్ చూసేవాళ్ళు "హెడ్ పోయిండంటే మ్యాచ్ ఖతం" అని తేల్చేస్తుంటారు. ఆ మాటలో విసుగు ఉంది, ముందే సిద్ధపడిపోయిన నిబ్బరమూ ఉంది. ఒక్క ఫైనల్‌తో వచ్చిన నిబ్బరం కాదది. పదిహేడేళ్ళుగా ఊరి జట్లు కొంచెం కొంచెంగా నేర్పిన పాఠం.

ఈ పాఠం మొదలైంది 2008లో. డెక్కన్ ఛార్జర్స్ జట్టు కాగితం మీద చూస్తే ఎవరికైనా దడ పుట్టాలి: గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, రోహిత్ శర్మ, సొంత ఊరి లక్ష్మణ్. ఆడిన పద్నాలుగు మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. ఆ రెండూ బయటే. ఉప్పల్‌లో ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ ఓడి, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. షేక్‌పేట నుంచి ఉప్పల్ అంటే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడమే. అప్పటికి మెట్రో కూడా లేదు. అంత దూరం వెళ్ళి ఓటమి చూసి, అర్ధరాత్రి ఆటో బేరమాడి ఇల్లు చేరినవాళ్ళకు మరుసటి ఏడాదైనా ఊరట దక్కాల్సింది.

దక్కింది, కానీ జోహానెస్‌బర్గ్‌లో. లోక్‌సభ ఎన్నికల వల్ల 2009 ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలింది. అడుగున ఉన్న జట్టు గిల్‌క్రిస్ట్ సారథ్యంలో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు ఎత్తింది. మరుసటి ఏడాది ఛాంపియన్లను కళ్ళారా చూద్దామంటే, తెలంగాణ ఉద్యమ వాతావరణంలో సొంత మ్యాచ్‌లు కటక్, నాగపూర్, నవీ ముంబైలకు వెళ్ళిపోయాయి. 2012లో ఫ్రాంచైజీయే రద్దయింది.

దాని స్థానంలో సన్ టీవీ కొన్న సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది. ఎక్కడ? బెంగళూరు చిన్నస్వామిలో. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ గెలిచింది. గోవాలో, కేరళ అభిమానుల పసుపు సముద్రం నడుమ, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి. రంజీ ట్రోఫీ హైదరాబాద్‌కు చివరిసారి దక్కిన 1986-87 ఫైనల్ జరిగింది ఢిల్లీలో. మరి ఉప్పల్‌లో ఐపీఎల్ ఫైనల్ జరగనే లేదా అంటే జరిగింది. 2017లో, 2019లో. రెండుసార్లూ కప్పు ముంబై ఇండియన్స్‌దే. రెండుసార్లూ తేడా ఒక్క పరుగే. పరాయి జట్ల ఉత్కంఠకు టికెట్ కొన్నది మాత్రం మనవాళ్ళు.

హైదరాబాద్ అభిమాని గోడును వట్టి ఓటముల లెక్కగా చూస్తే సగమే అర్థమవుతుంది. ఓడని జట్టంటూ లోకంలో ఎక్కడా లేదు. గెలుపు ఇంటికి రాకపోవడం ఒకటి, గెలిపించేవాడు ఇంట్లో నిలవకపోవడం ఇంకొకటి. ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొన్నది సన్‌రైజర్సే. ఏడాది తిరగ్గానే బెంగళూరుకు పోయాడు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కు వచ్చి, 17 పరుగులకు నాలుగు వికెట్లు తీసి సొంతూరి జట్టును కూల్చాడు. అతని ఐపీఎల్ జీవితంలో అప్పటికి అదే అత్యుత్తమ ప్రదర్శన. అంబటి రాయుడు ముంబైతో మూడు, చెన్నైతో మూడు కప్పులు గెలిచాడు, హైదరాబాద్‌కు ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా ఆడలేదు. మన తిలక్ వర్మ ముంబై ఇండియన్స్ మనిషి. 2021 వేలం తర్వాత ఊరి కుర్రాళ్ళు లేని జట్టుకు ఊరి పేరెందుకని ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ బాహాటంగానే అడిగారు. మ్యాచ్‌లు అడ్డుకుంటామన్న బెదిరింపు అతి కావచ్చు గానీ, ప్రశ్నకు పస ఉంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సిక్స్ కొట్టినప్పుడు స్టేడియంలో లేచే అరుపు విన్నవాళ్ళకు ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

షేక్‌పేటకు దగ్గర గచ్చిబౌలి. అక్కడి స్టేడియాల కథలు ఇంకా చేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టూ, దాన్ని మలిచిన కోచ్ రహీమ్ సాబ్ పేరూ ఈ ఊరి ఫుట్‌బాల్‌కు పునాది. అలాంటి ఊళ్ళో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన రెండో ఏడాదికల్లా జీతాల బకాయిలతో కుదేలైంది. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. 2025లో జట్టే ఢిల్లీకి మకాం మార్చి పేరూ మార్చుకుంది. కబడ్డీలో తెలుగు టైటాన్స్ వరుసగా మూడు సీజన్లు అట్టడుగున నిలిచింది: ఇరవై రెండేసి మ్యాచ్‌లలో గెలుపులు ఒకటి, రెండు, రెండు. మూడోసారి జట్టులో 2.6 కోట్లకు పైగా పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ ఉన్నా అంతే. ఆ తర్వాతే కాస్త కోలుకుంది.

ఇన్నిసార్లు కాల్చుకున్నవాళ్ళు టీవీ కట్టేసి హాయిగా నిద్రపోవచ్చు కదా? అంత తేలిక కాదు. బ్రిటన్ ఫుట్‌బాల్ అభిమానుల మూడ్‌ను ఫోన్ యాప్ ద్వారా నమోదు చేసి 2018లో ససెక్స్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు ఒక లెక్క తేల్చారు. గెలుపు ఇచ్చే సంతోషం కన్నా ఓటమి మిగిల్చే బాధ దాదాపు రెట్టింపు. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డిని బృందం గమనించింది మరొకటి: కాలేజీ జట్టు శనివారం గెలిస్తే సోమవారం ఆ కాలేజీ చొక్కాలు ఎక్కువగా కనిపిస్తాయి. సన్‌రైజర్స్ ఓడిన మర్నాడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర నారింజ రంగు టీషర్టుల కోసం వెతికితే ఈ పరిశోధన సారం ఇక్కడే తెలుస్తుంది.

సినిమావాళ్ళకూ ఈ బాధ కొత్త కాదు. 2023లో సన్‌రైజర్స్ పది జట్లలో పదోదిగా మిగిలింది. అదే ఏడాది చెన్నైలో 'జైలర్' వేడుకలో రజనీకాంత్, టీవీలో కావ్య మారన్ ముఖం చూడలేకపోతున్నానని, మంచి ఆటగాళ్ళను పెట్టమని ఆమె తండ్రి, జట్టు యజమాని కళానిధి మారన్‌కు వేదిక మీదే చెప్పారు. ఫిల్మ్‌నగర్ సొంత జట్టు సంగతి వేరు. సెలబ్రిటీ క్రికెట్ లీగ్‌ను తెలుగు వారియర్స్ నాలుగుసార్లు గెలిచింది. వేలంలో కోట్లు కుమ్మరించని జట్టది.

వీటన్నిటిలో అభిమాని ఇప్పటికీ మింగలేని ముద్ద డేవిడ్ వార్నర్. కప్పు తెచ్చిన కెప్టెన్. లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలతో తెలుగు పాటలకు స్టెప్పులేసి ఇంటి మనిషైపోయాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచీ తప్పించారు. దుబాయ్‌లో ప్రేక్షకుల మధ్య కూర్చుని అతను జట్టు జెండా ఊపుతున్న దృశ్యం చూసి తిట్టుకోనివాళ్ళు తక్కువ. కొద్ది వారాలకే ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్ గెలిచింది, టోర్నీలో ఉత్తమ ఆటగాడు వార్నరే.

2025 సీజన్ కోసం జరిగిన వేలంలో అతన్ని ఏ జట్టూ కొనలేదు. తెలుగు సినిమా కొంది. నితిన్ హీరోగా వచ్చిన 'రాబిన్‌హుడ్'లో చిన్న పాత్ర వేసి, ప్రచారానికి హైదరాబాద్ వచ్చాడు. మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ లక్నో చేతిలో ఓడింది. మర్నాడే సినిమా విడుదల. అదీ ఆడలేదు.