బడి గంట మోగాక సైన్స్ పాఠం
పసుపు, సున్నం, నాపరాయే పరికరాలు.. విశ్వవిద్యాలయ విద్యార్థులే గురువులు

సైన్స్ పాఠ్యపుస్తకం నిండా ప్రయోగాలే. పరికరాల కొరత, సమయాభావం కారణంగా అనేక ప్రభుత్వ పాఠశాలల్లో అవి నల్లబల్లపై బొమ్మలుగానే మిగిలిపోతున్నాయి. ఈ లోటును కొంతవరకు తీర్చగలిగేవి సాయంత్రపు తరగతులు. విశ్వవిద్యాలయ విద్యార్థులు సమీపంలోని ఉన్నత పాఠశాలకో, సంక్షేమ వసతిగృహానికో వెళ్లి, పిల్లల చేతనే ప్రయోగాలు చేయించడం ఈ విధానం.

వంటింటి సామగ్రి చాలు
పసుపు నీటిలో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. ఇంటింటా ఎరిగిన పారాణి రంగే ఇది. అందులో నిమ్మరసం పిండితే తిరిగి పసుపు వర్ణం వస్తుంది. క్షారం, ఆమ్లం అంటే ఏమిటో పిల్లలకు అక్కడే బోధపడుతుంది. రాయలసీమలో విరివిగా దొరికే నాపరాయి పొడిపై నిమ్మరసం వేస్తే బుడగలు వస్తాయి. గ్రానైటు పొడిపై రావు. నాపరాయిలోని కాల్షియం కార్బోనేట్ ఆమ్లంతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేయడమే ఇందుకు కారణం. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక పర్యవేక్షణ తప్పనిసరి. ఏం జరుగుతుందో ముందు పిల్లలను ఊహించమనాలి, తర్వాత చేయించాలి, కారణం చివర చెప్పాలి. ఈ వరుస తప్పితే ప్రయోగం కాస్తా గారడీగా మారుతుంది.

బాట వేసిన హోషంగాబాద్
మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్స్ బోధన ఆరంభమైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులూ ఇందులో పాలుపంచుకున్నారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అక్కడ పనిచేసిన అనుభవంతోనే అగ్గిపుల్లలు, పారవేసిన వస్తువులతో సైన్స్ బొమ్మల తయారీకి శ్రీకారం చుట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2002లో ప్రభుత్వం ఆ బోధనను నిలిపివేసినా, స్థానిక వస్తువులతో సైన్స్ నేర్పవచ్చని అది నిరూపించింది.

ఎన్ఎస్ఎస్ గంటలు అక్కరకు
1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకంలో వాలంటీరు ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. వారానికి రెండు గంటలు కేటాయించినా 30 వారాల్లో 60 గంటలవుతాయి. అంటే ఏడాది బాధ్యతలో సగం ఈ తరగతులతోనే తీరుతుంది.

మధ్యలో ఆపితే నష్టం
సెమిస్టరు పరీక్షలు రాగానే వాలంటీర్లు రావడం మానేస్తే పిల్లల ఆసక్తి నీరుగారుతుంది. అందుకే ప్రతి ప్రయోగంలోనూ పాఠశాల సైన్స్ ఉపాధ్యాయుడిని భాగస్వామిని చేయాలి. సామగ్రిని, నోటు పుస్తకాన్ని బడిలోనే ఉంచాలి. సీనియర్లు వెళ్లేలోగా జూనియర్లకు శిక్షణ పూర్తికావాలి. ఆసక్తిగల విద్యార్థులు తమ కళాశాల ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం అధికారిని సంప్రదించి, ప్రధానోపాధ్యాయుని అనుమతితో తరగతులు ప్రారంభించవచ్చు.