ఆమ్లజని నేర్పే పాఠం

సంశయమనగానే అది మొండితనమనీ, విశ్వాసలోపమనీ భావించేవారు అనేకులు. కాని మన ప్రాచీన న్యాయదర్శనం పేర్కొన్న పదహారు పదార్థాలలో ప్రమాణం, ప్రమేయం తరువాత మూడవది సంశయమే. నిర్ణయం అటు తరువాత ఎప్పుడో వస్తుంది. 1661లో రాబర్ట్ బాయిల్ కూడా తన ప్రసిద్ధ గ్రంథానికి 'సంశయించే రసాయనవేత్త' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. ఆనాటి రసవాదులు అస్పష్టమైన పదజాలంతో వ్రాస్తున్నారని అందులో ఆక్షేపించాడు.

ఒక మాటను తొందరపడి స్థిరపరిస్తే ఏమవుతుందో ఆక్సిజన్ చరిత్ర తెలుపుతుంది. పాత తెలుగు పాఠ్యపుస్తకాలలో దీని పేరు ఆమ్లజని, అనగా ఆమ్లాలను పుట్టించేది. ఇది గ్రీకు ధాతువులతో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే కల్పించిన పేరుకు అనువాదం. గంధకం, భాస్వరం వంటివి మండగా వచ్చిన పదార్థాలు నీటిలో కరిగి ఆమ్లాలైనాయి. కనుక ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండితీరుతుందని ఆయన భావించాడు. కొన్నింటిలో చూచినది అన్నింటికీ వర్తించే పేరైనది.

ఉప్పు నుండి లభించే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ, దాని నుండి వచ్చే ఆకుపచ్చని వాయువులోనూ ఆక్సిజన్ దాగి ఉన్నదని పలువురు నమ్మారు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఆ వాయువును తీవ్రంగా వేడెక్కించిన బొగ్గుతో పరీక్షించినా ఆక్సిజన్ జాడ దొరకలేదు. 1810లో ఆయన అది మూలకమేనని ప్రకటించి, క్లోరిన్ అని నామకరణం చేశాడు. ఆ పేరుకు మూలం దాని రంగు. కంటికి కనిపించే గుణాన్ని మాత్రమే చెప్పిన ఆ పేరు నేటికీ తప్పు కాలేదు. ఆమ్లజని అనే పేరు మాత్రం తన పొరపాటును మోస్తూనే ఉన్నది.

శాస్త్రజ్ఞులకు పేరు తప్పని తెలుసు కనుక దానివలన నష్టం లేదు. అంగడిలోని మాటల సంగతి వేరు. సీసాపై 'రసాయనాలు లేనిది' అని ఉంటుంది. కాని నీరు కూడా రసాయనమే. 'సహజమైనది, కనుక హానిలేనిది' అంటారు; కాని ఆముదపు గింజలోని రైసిన్, ఉమ్మెత్తలోని అట్రోపిన్ సహజమైన విషాలే. 'శాస్త్రీయంగా నిరూపితం' అన్నచోట ఎంత మోతాదులో, ఎందరిపై, దేనితో పోల్చి నిరూపించారని అడగాలి. పసిబిడ్డకో, వృద్ధులైన తల్లిదండ్రులకో మందు ఇచ్చేవేళ ఈ ప్రశ్నలు కాలక్షేపం కావు.

అయితే సంశయం వేరు, నిరాకరణ వేరు. 'ఆధారం ఇంకా లభించలేదు' అనడానికీ, 'ఇది అబద్ధం' అనడానికీ ఎంతో అంతరమున్నది. తెలిసినంతవరకే పలకడం వివేకం. 'నీకెలా తెలుసు?' అని పిల్లలు అడిగినప్పుడు దానిని ఎదురుమాటగా తలచక, పెద్దలు ఓపికతో ఆధారం చూపాలి. లేనప్పుడు లేదని చెప్పాలి. ఇంట్లో నేర్చిన ఆ అలవాటు ఏ దేశంలోనైనా వారికి ఉపకరిస్తుంది.